నాలుగో పళ్లెం

“ఇవి ఉండలా, పిడకలా?” అంది శ్రీశైలమ్మ.

లక్ష్మక్క పొయ్యి ముందు నుంచి లేచి చూసింది. మూడు పళ్లాల్లో చాక్లెట్ ఉండలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నాలుగో పళ్లెంలోవి మాత్రం ఒకదాని మీద ఒకటి వాలి, కరిగి, పళ్లానికి అతుక్కుపోయాయి. గులాబీ పన్నీరు వాసన ఒక్కటే గదంతా గుమ్మంటోంది.

“నిన్నే అడుగుతాండేది.”

“పన్నీరు ఎక్కువ పడింది అత్తా. కోవా జారిపోయింది.”

“పోసేటప్పుడు కండ్లు యాడ పెట్టుకొన్నావు?”

“కండ్లకేం తెలుస్తాది? నాలుక మీద పెట్టి చూసింటే తెలిసేది.”

అనేసి లక్ష్మక్క పెదవి కొరుక్కుంది. ఆ ఇంట్లో అనకూడని మాట అది.

పెళ్లి సరుకు దేవుడి ముందు పెట్టేదాకా ఎవరి నాలుకకూ తగలకూడదు. ఇది అత్త శ్రీశైలమ్మ శాసనం. వాసన చూడొచ్చు. వేలితో నొక్కి చూడొచ్చు. పాకం తీగ సాగించి చూడొచ్చు. నోట్లో వేసుకుంటే మాత్రం సరుకంతా ఎంగిలే. లడ్డుకూ జిలేబీకీ ఈ శాసనంతో చిక్కు రాలేదు. వాటి రుచి చేతికే తెలుసు. ఈ నల్ల ఉండలను మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ తిని ఎరగరు. తినకుండానే చేశారు.

“నాలుక మీద పెట్టుకొని, ఆ ఎంగిలి తీసకపోయి ఆడపిల్ల పెండ్లికి పెడతావా?” అంది శ్రీశైలమ్మ. “మీ అమ్మ నీకు నేర్పించింది ఇదేనా?”

“మా అమ్మను ఎందుకు తీస్తావు ఇప్పుడు?”

“మీ ఇద్దురూ రోంత గమ్మునుంటారా?” మహానంది లోపలికి వచ్చాడు. బయట టాంగా గుర్రం గిట్టలు నేలకేసి కొడుతోంది. పళ్లెం చూసి అతను తల పట్టుకున్నాడు. “ఏంది ఇది?”

“నీ పెండ్లాన్ని అడుగు.”

“మూడు తీసకపోదాం” అంది లక్ష్మక్క. “కాఫీది ఉంది. కమలాపండు తొక్కది ఉంది. యాలక్కులది ఉంది. సాలవా?”

“సావుకారు నాలుగు రకాలు తెమ్మన్నాడు. నాలుగూ పక్కపక్కన పెట్టి తిని, ఏది బాగుంటే దాన్నే పెండ్లికి చేపిస్తానన్నాడు. పెండ్లికొడుకు బొంబాయిలో చదివినోడంట, ఆడ పెద్ద పెద్ద విందుల్లో ఇవే పెడతారంట. మూడు తీసకపోతే నాలుగోది చేతకాలేదా అంటాడు. అట్లంటే సరుకు ఇంగో అంగడికి పోతాది. పోతే మా నాయన ఏమన్నాడో తెలుసు కదా?”

తెలియకేం? మామ మార్కండేయులు ఎమ్మిగనూరు నుంచి వచ్చి ఈ గదిలోనే, ఈ పొయ్యి పక్కనే కూర్చుని అన్న మాట అది. ఉచ్చీరప్ప సావుకారు ఇంటి పెళ్లి సరుకు చేతికొస్తే ఆదోనిలో అంగడి ఉంచుకో, రాకుంటే తలుపులు మూసి వచ్చి మగ్గం గుంతలో కూచో అన్నాడు.

మహానందికి మగ్గం గిట్టదు. లక్ష్మక్కకు అంతకంటే గిట్టనిది ఆ ఉమ్మడి ఇంట్లో పొద్దస్తమానం మగ్గానికి నూలు కండెలు చుడుతూ కూర్చోవడం. ఈ వెనక గదిలో పొయ్యి ఆమెది. చెయ్యి ఆమెది. ఎవరైనా ‘జిలేబీ బాగుందమ్మా’ అంటే ఆ మాట ఆమెది. అది పోగొట్టుకుని మళ్లీ కండెల దగ్గరికి పోవడమంటే, ఆలోచించడానికే ఆమెకు ఒళ్లు మండింది.

“నువ్వు పోయి టాంగాలో కూచో” అన్నాడు మహానంది. “నాలుగో పళ్లెం నేను తెస్తా.”

“యాడ నుంచి తెస్తావు?”

“కూచో అంటాండా కదా.”

మార్కెట్టు దారిలో పత్తి దూది గాలిలో తేలుతోంది. అది పళ్లాల మీద పడకుండా ఎమ్మిగనూరు గుడ్డ కప్పారు. టాంగా మలుపు తిరిగాక లక్ష్మక్క నాలుగో పళ్లెం మీది గుడ్డ అంచు ఎత్తి చూసింది. చూసి, మెల్లగా దించింది.

ఏడంటే ఏడు ఉండలు, నున్నగా, గుండ్రంగా, మెరుస్తూ ఉన్నాయి. మనిషి చేత్తో చుట్టినట్టు లేవు.

“ఇవి మనవి కావు” అంది, టాంగావాడికి వినపడకుండా.

“పళ్లెం మనదే.”

“మాదన్న ఇచ్చిన డబ్బాలోవి కదా ఇవి?”

మహానంది గుర్రం తోక వైపు చూశాడు. మాదన్న పత్తి దలాలి. బొంబాయి రేవులో దిగిన సరుకని ఒక డబ్బా తెచ్చి, ‘చూసి ఇట్లాంటివి చేయండి’ అని ఇచ్చాడు. డబ్బా మీద ఏం రాసి ఉందో అతనికే తెలియదు. ఒకదాన్ని కత్తితో కోస్తే లోపల నుంచి నీళ్లలాంటి పాకం కారింది. అత్త దాన్ని తన దగ్గరికి కూడా రానియ్యలేదు. లక్ష్మక్క వాసన చూసింది. ఎక్కడో ఎరిగిన వాసన. ఎక్కడో గుర్తు రాలేదు.

“చూసి నేర్చుకోమని ఇస్తే, మనం చేసినామని పెడతావా?”

“మూడు మనవి ఉన్నాయి కదా. ఆ మూడింట్లో ఒకటి మెచ్చుకొంటాడులే. నాలుగోది ఊరికే లెక్కకు.”

“మెచ్చుకోకపోతే?”

“నీ నోట్లో మంచి మాట రాదా?”

“నువ్వు చేసేదాంట్లో మంచి ఉంటే కదా నోట్లోకి వచ్చేది.”

టాంగావాడు వెనక్కి తిరిగి చూశాడు. ఇద్దరూ పళ్లాల గుడ్డలు సర్దారు.

ఉచ్చీరప్పకు పత్తి జిన్నింగు మిల్లు ఉంది. దానికంటే ఆయనకు గర్వమైనది ఇంకొకటుంది. ఊళ్లో మద్యనిషేధ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. హాలులో గోడకు ఎర్ర అక్షరాలతో పెద్ద బోర్డు: ‘తాగుడు మానండి, సంసారం నిలబెట్టండి.’ దాని కింద ఆయన కల్లుకుండను కర్రతో పగలగొడుతున్న ఫోటో.

ఫోటో కింద ఉయ్యాల బల్ల మీద ఆయన తల్లి లింగమ్మ, మోకాళ్లకు ఆవనూనె రాసుకుంటూ కూర్చుని ఉంది.

“పెట్టమ్మా, పెట్టు” అన్నాడు ఉచ్చీరప్ప. “మా వియ్యంకుడు మాపుటేలకు కర్నూలు నుంచి వస్తాండాడు. మద్యనిషేధ శాఖలో ఆఫీసరు. పేరు వినుంటారు, వీరన్నగారు. ఆయప్ప ముక్కు ముందర ఎవుడూ నిలవలేడు. మనిషి ఒకసారి నోటిగాలి వదిలితే సాలు, నిన్న తాగినాడా మొన్న తాగినాడా అని సెప్పేస్తాడు.”

“ఆ ముక్కు గురించి నాకు ఎన్నిసార్లు సెప్తావు?” అంది లింగమ్మ. “ముందు దేవరకు పెట్టు.”

పళ్లాలు దేవుడి గూటి ముందు పెట్టారు. దీపం చూపించారు. లింగమ్మ కళ్లు మూసుకుని తెరిచి, మొదటి పళ్లెంలోంచి ఒకటి తీసుకుంది.

కాఫీది. నమిలింది. నమిలి మింగింది.

“ఏమమ్మా?” అన్నాడు కొడుకు.

“ఏముంది? ఇంత పని ఎందుకు, రెండు గుక్కలు కాఫీ తాగొచ్చు కదా.”

రెండోది కమలాపండు తొక్కది. సగం కొరికి, మిగతా సగం వైపు అనుమానంగా చూసింది. “శివనే. ఇది జలుబుకు తినేదా?”

“పెండ్లికొడుకు వాళ్లకు ఈ పులుపు ఇష్టమేమో అవ్వా” అన్నాడు మహానంది.

“పెండ్లికొడుకు ఒక్కడే తింటాడా? ఊరు తింటాది. సాలు, తీసెయ్.”

మూడోది యాలకులది. అది లక్ష్మక్క నమ్ముకున్నది. కోవా సొంతంగా కాచింది, యాలకులు సొంతంగా నూరింది. లింగమ్మ దవడ కదిలినంతసేపూ ఆమె ఊపిరి ఆపుకుంది.

“బాగుంది” అంది లింగమ్మ.

లక్ష్మక్క ఊపిరి వదిలింది.

“మన పాలకోవానే. నల్లసొక్కా తొడిగినారు అంతే. మన పాలకోవాకు బొంబాయి పేరెందుకు?”

ఉచ్చీరప్ప ముఖం ముడుచుకున్నాడు. “ఒకటి చేదు, ఒకటి పులుపు, ఒకటి మనదే. నేను అడిగినది ఏంది, మీరు తెచ్చింది ఏంది? పెండ్లిలో పెడితే కర్నూలు వాళ్లు ఇది ఏమి అని అడగాల. అడగాల, ఇంగోటి తీసుకోవాల. అట్లాంటిది ఉందా, లేదా?”

“నాలుగోది ఉంది సావుకారప్పా” అన్నాడు మహానంది. చెమటతో చొక్కా వీపుకు అంటుకుని ఉంది.

లింగమ్మ నాలుగో పళ్లెంలోంచి ఒకటి నోట్లో వేసుకుంది. కొరికింది. దవడ ఆగింది.

కళ్లు మూసుకుంది. చాలాసేపటికి మింగింది. ఇంకొకటి తీసుకుంది.

కొడుకు ఆశ్చర్యంగా తల్లిని చూసి తానూ ఒకటి తీసుకున్నాడు. కొరికాడు. కనుబొమ్మలు పైకి పోయాయి.

“అబ్బ. ఇది వేరే రుచి. గొంతులోకి వెచ్చగా దిగుతాండాది. శొంఠి వేసినారా?”

“అట్లాంటిదే” అన్నాడు మహానంది.

“అట్లాంటిదే ఏంది? ఏం వేసినారు?”

“అంగడి గుట్టు సావుకారప్పా.”

ఉచ్చీరప్ప నవ్వాడు. ఇంకొకటి తిన్నాడు. ఆ పైన ఇంకొకటి. “మనసు ఊరికే తేలిగ్గా ఉందమ్మా. పొద్దుటినుంచి మిల్లులో వాళ్లతో గొడవపడి తల పగిలిపోతాండె. ఇప్పుడు ఏమీ లేదు.”

“నువ్వు తినలేదేమమ్మా?” అంది లింగమ్మ హఠాత్తుగా, లక్ష్మక్కతో. “దేవరకు పెట్టినాం కదా, ఇంగ ఎంగిలి లేదు. తిను. చేసిన మనిషి మొగం చూస్తే సరుకు సంగతి తెలుస్తాది.”

లక్ష్మక్క తీసుకుంది. కొరికింది.

పాకం నాలుక మీద చిట్లింది. గొంతు మండింది. చెవులు వేడెక్కాయి. అప్పుడు గుర్తుకొచ్చింది. రెండేళ్ల కిందట చలిజ్వరంతో ఒళ్లు చల్లబడిపోతుంటే, డాక్టరు చీటీ రాసి తెప్పించి చెంచాతో గొంతులో పోసిన మందు. లేచి తిరిగాక అత్త దాని పేరు చెప్పి, ఇల్లంతా పసుపునీళ్లు చల్లింది.

బ్రాందీ.

ఆమె తలెత్తింది. ఎదురుగా ఎర్ర అక్షరాల బోర్డు. దాని కింద మద్యనిషేధ సంఘం అధ్యక్షుడు, పెదవుల చివర తడి తుడుచుకుంటూ.

“ఆ మూడు పళ్లాలూ తీసెయ్” అన్నాడాయన. “పెండ్లికి ఇదే. ఇదొక్కటే. ఎన్ని కావాల్నో రేపు సెప్తా. ఒరే, ఆ మిగిలిన ఒక్కటి దేవుని గూట్లో మూతపెట్టి ఉంచండి. వీరన్నగారు వస్తూనే ఆయన నోటికి అది పెట్టాల.”

తిరుగుదారి పొడుగునా మహానంది నవ్వుతూనే ఉన్నాడు. లక్ష్మక్క మోచేత్తో పొడిచింది. టాంగావాడి వైపు కళ్లతో చూపించింది. మహానందికి అర్థం కాలేదు. బస్సుస్టాండు దగ్గర టాంగా ఆపించి, బయల్దేరుతున్న ఎమ్మిగనూరు బస్సు కండక్టరుతో, “మా నాయనకు సెప్పన్నా, సావుకారు సరుకు మనకే వచ్చిందని” అని కేక వేశాడు. బస్సు వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి తలుపు వేశాక ఆమె ఒక్క మాట చెప్పింది.

మహానంది కూలబడ్డాడు. “ముందే సెప్పరాదా?”

“నువ్వు నన్ను నోరు తెరవనిస్తివా?”

“కండక్టరుకు సెప్పేటప్పుడన్నా…”

“టాంగావాని ముందర ‘బ్రాందీ, బ్రాందీ’ అని అరవమంటావా?”

శ్రీశైలమ్మ వంటింటి గడప మీద నిలబడి ఉంది. ఆమె ముఖంలో రక్తం లేదు. “దేవుని ముందర పెట్టినారా?”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“మిమ్మల్నే అడిగేది. దీపం చూపించినారా దానికి?”

“మేం చూపించలేదమ్మా, వాళ్లు చూపించుకొన్నారు” అన్నాడు కొడుకు.

“తీసకపోయింది ఎవరు?”

“ఇదో, ఈయన” అంది లక్ష్మక్క. “ఇంగో మాట కూడా విను అత్తా. ఇంట్లోనే ఒకటి నోట్లో వేసుకొనింటే ఈ గతి పట్టేది కాదు. ఎంగిలి ఎంగిలి అని నువ్వు మా నోర్లు కట్టేసినావు.”

“అయితే తప్పు నాదంటావు.”

“రోంత నీది కూడా అంటాండా.”

“ఇంగో ఇంటి సరుకు మనదని పెట్టింది నా కొడుకు. తెలిసినాక కూడా నోరు మూసుకొని వచ్చింది నువ్వు. తప్పు నాది. బాగుంది. శానా బాగుంది.” శ్రీశైలమ్మ చెంబెడు నీళ్లు తీసుకుని పెరట్లోకి పోయి, కాళ్లు కడుక్కుని, మళ్లీ లోపలికి రాకుండా అక్కడే రాతి మీద కూర్చుంది.

మహానంది గుసగుసగా అన్నాడు. “ఒక పని చేద్దాం. తేనె, శొంఠి, రోంత మిరియాల పొడి. గొంతు మండితే సాలు కదా?”

“ఆయమ్మ కండ్లు మూసుకొని తినింది మిరియాలకా?”

“అయితే మాదన్నను అడుగుదాం. వాడు యాడనన్నా సంపాదిస్తాడు, ఆ మందు.”

“సంపాదించి?”

“లోపల పోసి చేద్దాం. ఎవరికి తెలుస్తాది?”

“పెండ్లికొడుకు నాయన ఎవరు? ఆయప్ప ముక్కు గురించి విన్లేదా? జైల్లో కూడా మిఠాయి అంగడి పెట్టుకొందామని ఉందా నీకు?”

“నువ్వు తిట్టేదానికి తప్ప దేనికీ పనికిరావు.”

“ఉండలు చేసేదానికి పనికొస్తినే. చేయనిస్తివా?”

అతను పళ్లాల గుడ్డను ముద్దచేసి గోడకేసి కొట్టాడు. గుడ్డ గోడకు తగిలి చప్పుడు కూడా చేయకుండా కిందపడింది. అది చూసి అతనికి ఇంకా కోపం వచ్చింది.

పొద్దు వాలుతుండగా తలుపు తట్టారు.

మార్కండేయులు. బస్సు దుమ్ము మీసాల మీద అలాగే ఉంది. ఎప్పుడు వచ్చినా గడపలో నిలబడి అంగడిని ఒకసారి ఎగాదిగా చూసి, పెదవి విరిచి గానీ లోపలికి రాని మనిషి, ఈసారి నేరుగా వచ్చి కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

“కండక్టరు సెప్పినాడు” అన్నాడు. “నీళ్లియ్యమ్మా లక్ష్మీ.”

ఆమె ఇచ్చింది. ఆయన తాగి, తలగుడ్డతో మూతి తుడుచుకున్నాడు.

“మాట అంటే మాట. సరుకు వస్తే అంగడి అన్నా. వచ్చింది. ఇంగ నేను అడ్డం రాను. మా తమ్ముని కొడుకుకు కూచునేదానికి తావు లేక పరాయి ఇండ్లల్లో నేస్తాండె కదా. కబురు వస్తూనే నీ మగ్గం వానికి ఇచ్చేసినా. నేను బస్సెక్కేటప్పటికి టెంకాయ కొట్టి పడుగు ఎక్కిస్తాండాడు.”

మహానంది పెరటి తలుపు వైపు చూశాడు.

“ఏరా, సంతోషంగా లేదా? నీకు గిట్టదని కదా. ఇంగ నువ్వు వెనక్కి రావాల్సిన పని లేదు. వస్తానన్నా ఆడ తావు లేదు.” ఆయన నవ్వాడు. లక్ష్మక్క కాపురానికి వచ్చాక మామ పళ్లు చూడటం ఇదే మొదలు. “ఏదీ, ఆ ఉండ ఒకటి ఇయ్యి. ఏముందో చూద్దాం దాంట్లో.”

పెరట్లో చెంబు రాతి మీద పడిన చప్పుడైంది.

“అయిపోయినాయి మామా” అంది లక్ష్మక్క. “ఒక్కటే ఉంది. సావుకారు ఇంట్లో ఉంది.”

ఆ మాట అంటూ ఉండగానే ఆమెకు గుర్తుకొచ్చింది, ఆ ఒక్కటి ఎవరి కోసం ఉందో.

“పళ్లాలు ఆడే మర్సినాం. పోయి తెస్తా.” చెంగు బిగించింది.

మహానంది గడప దగ్గర అడ్డం నిలబడ్డాడు. “సెప్పేస్తావా?” అన్నాడు పెదవులు కదలకుండా.

“ముందు ఆ ఒక్కటి తెచ్చుకోనీ. అది ఆఫీసరు నోట్లోకి పోతే సెప్పాల్సిన పనే ఉండదు.”

“ఉండమ్మా, నేనూ వస్తా” అన్నాడు వెనక నుంచి మార్కండేయులు, తలగుడ్డ సర్దుకుంటూ. “సావుకారుకు ఒక దండం పెట్టుకోవద్దా?”

ఆమె మామను వెంటబెట్టుకునే బయల్దేరింది.

వియ్యంకుడి కోసం రైల్వే స్టేషనుకు పోయిన ఉచ్చీరప్ప ఇంకా రాలేదు. మామను బయట అరుగు మీద కూర్చోబెట్టి లక్ష్మక్క లోపలికి పోయింది. లింగమ్మ ఉయ్యాల బల్ల మీదే, అప్పుడే నిద్ర లేచినట్టు ఉంది.

“అవ్వా, నీకు ఒక మాట సెప్పాల.”

“ఏమమ్మా?”

“ఆ నాలుగోది మేం చేసింది కాదు. బొంబాయి నుంచి తెచ్చింది. దాంట్లో…”

“బ్రాందీ” అంది లింగమ్మ.

లక్ష్మక్క అరుగు మీది మామ విన్నాడేమోనని గుమ్మం వైపు చూసింది.

“ఉచ్చీరప్పను కన్నప్పుడు డాక్టరమ్మ పోసింది. ఆ రుచి మర్సేదా?” లింగమ్మ గొంతు తగ్గించింది. “ఈ పొద్దు మధ్యాహ్నం నిద్రపోయినా. ఎన్నాళ్లయింది మధ్యాహ్నం నిద్రపోయి. ఈ మోకాళ్లు ఉన్నాయనే మర్సినా. ఇంటినిండా బోర్డులు తగిలించినాడు నా కొడుకు. నా మోకాళ్లకు ఏ బోర్డు పనికొస్తుంది?”

“తెలిసీ సెప్పలేదా అవ్వా?”

“సెప్పింటే వాడు పళ్లెం తీసేసేటోడు. పైగా తాను తిన్నవాటికి ఉపవాసాలు ఉండేటోడు. నువ్వు గూడా గమ్మునుండు. పెండ్లికి ఏదో ఒకటి చేసి పెట్టు. నాకు మాత్రం ఆ డబ్బా ఇంగోటి తెప్పించు.”

“తెప్పిస్తే నన్ను పట్టుకపోతారవ్వా.”

“ముసలిదానికి మందు ఇస్తే పట్టుకపోతారా?”

ఈ ఇంట్లో ఎవరితో నిజం చెప్పినా అది తిరిగి తన నెత్తి మీదికే వస్తుందని లక్ష్మక్కకు అర్థమైంది. “ఆ మిగిలింది ఇయ్యవ్వా. నీ కాళ్లు మొక్కుతా. ఆఫీసరు వచ్చేలోపల…”

లింగమ్మ దేవుడి గూటి వైపు చూసింది. లేవడానికి ఉయ్యాల గొలుసు పట్టుకుంది. మోకాలు సహకరించలేదు. లక్ష్మక్క తానే రెండడుగులు వేసింది.

వాకిట్లో చెప్పుల చప్పుడు.

“రండి, రండి. ఈయన ఎమ్మిగనూరు మార్కండేయులు, పెండ్లి మిఠాయి చేసే అంగడి వీళ్లదే” అంటూ ఉచ్చీరప్ప లోపలికి వచ్చాడు. ఆయన వెనక తల నెరిసిన సన్నటి మనిషి. ముందు ముక్కు వచ్చింది, తరవాత మనిషి వచ్చాడు. ఆ వెనక మార్కండేయులు, చేతులు జోడించి, గుమ్మంలో.

“ఇదో, చేసిన ఇల్లాలు కూడా ఈడే ఉంది. సరైన సమయానికి వచ్చినావమ్మా.” ఉచ్చీరప్ప గూట్లోంచి పళ్లెం తీసి మూత ఎత్తాడు. మధ్యలో ఒక్కటే, నున్నగా. “వీరన్నగారూ, కూచోకముందే ఇది నోట్లో వేసుకోవాల. నాలుగు రుచుల్లో ఇది గెలిచింది.”

“తీపి నేను ఎక్కువ తినను” అన్నాడు వీరన్న. అయినా చెయ్యి చాపాడు.

నిజం చెబితే సావుకారు పరువు వియ్యంకుడి ముందు పోతుంది, అంగడి పోతుంది. చెప్పకపోతే ఆ నాలుక చెబుతుంది. ఎమ్మిగనూరులో మగ్గం మీద మామ తమ్ముడి కొడుకు పడుగు ఎక్కించేశాడు.

ఎవరూ తినకుండా ఒక తిండిని ఆపేది ఎంగిలి ఒక్కటే. అది ఆమెకు అత్త నేర్పింది.

లక్ష్మక్క చెయ్యి వీరన్న చెయ్యి కంటే ముందు పళ్లెంలోకి పోయింది. ఉండను తీసి కొరికింది. కొరికి పళ్లెంలో తిరిగి పెడదామనుకుంది. పాకం చిట్లి చుబుకం మీదికి కారింది. ఇంక చేసేది లేక మిగతాది కూడా నోట్లో కుక్కుకుని, కొంగుతో చుబుకం తుడుచుకుంది.

ఉచ్చీరప్ప చేతిలో పళ్లెం ఖాళీ అయింది.

“ఏం పని ఇది?” అన్నాడు ఉచ్చీరప్ప. “పెద్దమనిషికి పెట్టిన పళ్లెంలో చెయ్యి పెడతావా?”

“మా ఇంటి ఆచారం సావుకారప్పా.” మింగింది. గొంతు మండింది. “చేసిన చెయ్యి రుచి చూడకుండా పెద్దలకు పెట్టకూడదు.”

గుమ్మంలో మార్కండేయులు తల ఎత్తాడు. తన ఇంట్లో అలాంటి ఆచారం ఎన్నడూ లేదని ఆయనకు తెలుసు.

“దానిదేముందిలే ఉచ్చీరప్పా” అంది లింగమ్మ తొందరగా. “పిల్లది. పోనీయమ్మా నువ్వు. పో, పో.”

లక్ష్మక్క తల వంచుకుని, పెదవులు బిగించి, గుమ్మం వైపు నడిచింది. వీరన్న పక్కనుంచి పోవాలి. ఇంకో దారి లేదు. ఊపిరి బిగబట్టింది. ఒక అడుగు. ఇంకొక అడుగు.

“ఆగమ్మా.”

ఆయన కోపంగా అనలేదు. ముక్కుపుటాలు మాత్రం మెల్లగా కదిలాయి. చేతిలోని టోపీని బల్ల మీద పెట్టి, ఊరూరా తిరిగి ఎందరితోనో అన్న మాటను, ఆ ఎర్ర అక్షరాల బోర్డు కింద నిలబడి, ఎంతో మర్యాదగా అన్నాడు.

“నోరు తెరిచి ఒకసారి ఊదమ్మా.”